ఎంపిక జాబితాకు ముందూ, తర్వాతా

ఎనిమిదో తరగతి చదివే పేదపిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం ఏటా లక్ష ఉపకార వేతనాలు కేటాయిస్తుంది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087, తెలంగాణ వాటా 2,921. పథకం పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. బడుల్లో అందరూ ఎన్‌ఎంఎంఎస్ అనే అంటారు. 2008 మేలో మొదలైనప్పుడు నెలకు రూ.500 ఇచ్చేవారు, 2017 నుంచి రూ.1,000 ఇస్తున్నారు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లకు కలిపి రూ.48,000. ఉన్నవాళ్లకు ఇది లెక్కలోకి రాని సొమ్ము. కూలికి వెళ్లే ఇంట్లో మాత్రం, ఎనిమిది అయిపోయింది కదా ఇక పిల్లను బడి మాన్పిద్దామా అన్న మాట వచ్చిన రోజున ఈ డబ్బు బడి పక్షాన నిలబడుతుంది. పథకం పెట్టిందే అందుకు.

ఇలాంటి ఉపకార వేతనాలకు పిల్లలు రాసే ఎంపిక పరీక్షల్లో న్యాయం ఎంత అని చర్చ వచ్చినప్పుడల్లా మన చూపు పరీక్ష గది మీదికే పోతుంది. పేపరు లీకయిందా, చూచిరాతలు జరిగాయా, ఓఎంఆర్ పత్రాలు సరిగా దిద్దారా అనే అడుగుతాం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ పదో తరగతి ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాక ఆ భయం మరీ పెరిగింది. అది అనవసరమైన భయమని అనను. కానీ ఉపకార వేతనాల విషయంలో పిల్లలు నష్టపోయేది ఎక్కువగా పరీక్ష రాసే ఆ మూడు గంటల్లో కాదు. పరీక్ష సంగతి బడికి చేరే దశలో కొందరు రాలిపోతారు. జాబితాలో పేరు వచ్చాక డబ్బు ఖాతాలో పడేలోపు ఇంకొందరు రాలిపోతారు. ఈ రెండు చోట్లా ఏం జరుగుతోందో ఎవరూ బయటికి చెప్పరు, ఎవరూ అడగరు. పారదర్శకత అంటూ మనం కట్టుకున్న ఏర్పాట్లన్నీ మధ్యలో ఉన్న పరీక్ష దగ్గరే ఆగిపోయాయి.

మొదటి దశ చూద్దాం. ఎన్‌ఎంఎంఎస్‌కు పిల్లలు సొంతంగా దరఖాస్తు చేసుకోలేరు. ప్రధానోపాధ్యాయుడు బడి యూడైస్ కోడ్‌తో (బడుల సమాచార వ్యవస్థ ఇచ్చే గుర్తింపు సంఖ్యతో) ఆన్‌లైన్‌లో వివరాలు నింపాలి. ఓసీ, బీసీ పిల్లలకు రూ.100, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు రూ.50 ఫీజు కట్టాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.3.5 లక్షలు దాటకూడదు కాబట్టి ఆదాయ ధ్రువపత్రం కావాలి. అందుకు తల్లో తండ్రో పని మానుకుని మీసేవకో గ్రామ సచివాలయానికో తిరగాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు. ఇదంతా కొన్ని వారాల గడువులో జరిగిపోవాలి. ఓపికున్న ప్రధానోపాధ్యాయుడుంటే బడిలో అర్హులందరి పేర్లూ వెళ్తాయి. బోధనేతర పనులతో సతమతమయ్యే చోట, ఇన్‌చార్జి హెచ్‌ఎంతో నెట్టుకొచ్చే చోట ఆ సర్క్యులర్ ఫైల్లోకి వెళ్లిపోతుంది. అక్కడి పిల్లలకు ఒక పరీక్ష ఉందని, దానికి తాము అర్హులమని తెలియనే తెలియదు. ఓడిపోయినవాళ్ల లెక్కలో కూడా వాళ్లు ఉండరు.

ఫలితాలొచ్చినప్పుడు పత్రికల జిల్లా పేజీల్లో ఫలానా జెడ్పీ హైస్కూలు నుంచి ఇంతమంది ఎంపికయ్యారని ఫొటోతో సహా వార్త వస్తుంది. ఆ ఫొటోలో పిల్లల వెనక నిలబడే ఉపాధ్యాయుల్లో ఒకరిద్దరు ప్రార్థనకు గంట ముందే బడికొచ్చి పాఠాలు చెప్పినవాళ్లయి ఉంటారు. పిల్లల ఫీజు తమ జేబులోంచి కట్టి, పాత ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించి పంచినవాళ్లూ ఉంటారు. వాళ్ల శ్రమకు చేతులెత్తి మొక్కాలి. అయితే ఒక్కరి పేరు కూడా దరఖాస్తులో లేని బడి గురించి ఏ పేజీలోనూ వార్త రాదు. ఆ సమాచారం ప్రభుత్వం దగ్గర లేక కాదు. ఏ బడిలో ఎనిమిదో తరగతిలో ఎంతమంది చదువుతున్నారో యూడైస్‌లో ఉంది, ఎంతమంది దరఖాస్తు చేశారో ప్రభుత్వ పరీక్షల విభాగం దగ్గర ఉంది. ఆ రెండు అంకెల్నీ బడి పేరు పక్కన పెట్టి, గడువు ముగియడానికి పది రోజుల ముందు బయట పెడితే చాలు. పూర్తిగా ఖాళీగా ఉన్న వరుసలు ఎంఈవోలకు, డీఈవోలకు, ఊళ్లో తల్లిదండ్రులకు అందరికీ కనిపిస్తాయి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, అదనపు బడ్జెట్టూ అక్కర్లేదు.

అర్హత నిబంధనల్లోనూ అడగాల్సిన మాటలున్నాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే దీనికి అర్హులు. నవోదయ, కేంద్రీయ విద్యాలయాలతో పాటు రాష్ట్రాలు నడిపే గురుకులాలను, వసతి ఉన్న బడులను పక్కన పెట్టారు. అక్కడ తిండి, బస, చదువు ఖర్చు ప్రభుత్వమే భరిస్తోంది కదా అన్నది కారణం. పదో తరగతి వరకు ఆ కారణం సమంజసమే. కానీ అలా వసతి ఉన్న కస్తూర్బా బడిలో పది పూర్తిచేసి, ఇంటి నుంచి బస్సులో కాలేజీకి వెళ్లే ఆడపిల్లకు ఇంటర్ రెండేళ్లూ ఈ పథకం నుంచి ఏమీ రాదు. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసే వీలే లేకపోయింది కాబట్టి మెరిట్ ఉందో లేదో చూపించుకునే అవకాశమూ ఆమెకు రాలేదు. తల్లీ తండ్రీ లేని పిల్లలు, మధ్యలో బడి మానేసి తిరిగి వచ్చిన పిల్లలు ఎక్కువగా చేరే బడులవి. ఇంటర్ దశలో వాళ్లకు విడిగా ఒక వాటా పెట్టడం న్యాయమని నా నమ్మకం.

ఇక పరీక్ష. మేధాశక్తికి 90 ప్రశ్నలు, చదువుకున్న పాఠాలపై 90 ప్రశ్నలు. రెండూ కలిపి సగటున 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం. రెండో భాగంతో పేచీ లేదు, ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల్లోంచే వస్తుంది. తంటా అంతా మొదటి భాగంతోనే. సంఖ్యల శ్రేణులు, కోడింగు, అద్దంలో ప్రతిబింబాలు, వెన్ చిత్రాలు ఏ పాఠ్యపుస్తకంలోనూ పాఠంగా ఉండవు. ఒకటి రెండు నెలలు సాధన చేసిన పిల్లలు వీటిని చకచకా చేసేస్తారు. ఎన్నడూ చూడని పిల్లలు ప్రశ్న ఏమడుగుతోందో అర్థం చేసుకునేలోపు సమయం అయిపోతుంది. ఇక్కడ మార్కుల్లో తేడా తెచ్చేది తెలివికన్నా పరిచయమే. పరీక్ష రాసే ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ కనీసం ఐదేళ్ల పాత ప్రశ్నపత్రాలు, వివరణలతో సహా, తెలుగులో, ఉర్దూలో, రాసే ప్రతి మాధ్యమంలోనూ హాల్‌టికెట్ కన్నా ముందే అందాలి. బజారులో గైడు కొనుక్కోగలిగిన ఇంటికీ కొనుక్కోలేని ఇంటికీ మధ్య దూరం దాంతో కొంతైనా తగ్గుతుంది.

మూల్యాంకనం విషయంలో మాత్రం మన దేశంలో మంచి పునాదే పడింది. అది పడిన తీరు గుర్తు చేసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో వైద్య కళాశాలల ప్రవేశ పరీక్షలో కొన్ని ప్రశ్నలకు కీలో ఇచ్చిన జవాబులు తప్పని విద్యార్థులు కోర్టుకెక్కారు. కాన్పూర్ విశ్వవిద్యాలయం, సమీర్ గుప్తా కేసుగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1983లో తీర్పు వచ్చింది. ఫలితాలతో పాటు కీని ప్రచురించడం వల్లే ఈ గొడవంతా వచ్చింది కదా, ప్రచురించకుండా ఉంటే పోయేది కదా అన్న ఆలోచనను కోర్టు ముందుకు తెచ్చి, దాన్ని గట్టిగా తోసిపుచ్చింది. కీని దాచిపెడితే ఎందరో పిల్లలు మౌనంగా అన్యాయాన్ని భరించాల్సి వచ్చేదని, ప్రచురించబట్టే లోపం బయటపడిందని చెప్పింది. కీ సరైనదనే మొదట భావించాలి, స్పష్టంగా తప్పని రుజువైతే మాత్రం తప్పుగా దిద్దిన మార్కులు నిలవవు, సందేహాస్పదమైన ప్రశ్నను లెక్కలోంచి తీసేయాలి అన్న సూత్రాలు అందులోంచే వచ్చాయి. 2011 ఆగస్టు 9న ఆదిత్య బందోపాధ్యాయ కేసులో ఇంకో అడుగు పడింది. దిద్దిన తన జవాబుపత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు పరీక్ష రాసినవారికి ఉందని సుప్రీంకోర్టు తేల్చింది.

ఇవాళ ఎన్‌ఎంఎంఎస్‌తో సహా చాలా పరీక్షలకు ప్రాథమిక కీ విడుదల చేసి, అభ్యంతరాలు తీసుకుని, తుది కీ ఇస్తున్నారంటే దాని వెనక ఈ చరిత్ర ఉంది. అయితే ఈ హక్కును వాడుకునేది ఎవరు? పద్నాలుగేళ్లు కూడా నిండని పిల్లలు సొంతంగా అభ్యంతరం రాయలేరు. అభ్యంతరానికి ఆధారంగా ఏ పుస్తకంలో ఏ పేజీ చూపాలో తల్లిదండ్రులకు తెలియదు. మళ్లీ బడిలో ఉపాధ్యాయుడి మీదే ఆధారపడాలి. అభ్యంతరాలు ఎన్ని వచ్చాయి, ఏ ప్రశ్నకు ఏ కారణంతో కీ మార్చారు, దేన్ని ఎందుకు తిరస్కరించారు అన్న వివరం ఒక పుట రాసి తుది కీతో పాటు పెట్టాలి. సవరించిన కీ ఒక్కటే కనిపిస్తే, అడిగినవాళ్లకు జవాబు దొరికినట్టు కాదు.

ఎంపిక జాబితా దగ్గర తల్లిదండ్రులకు ఎక్కువగా కలిగే అనుమానం ఇది: మా అమ్మాయికి వచ్చిన మార్కులే పక్క జిల్లాలో వస్తే సీటొచ్చింది, ఇక్కడ రాలేదు, ఏదో జరిగింది. చాలాసార్లు ఏమీ జరిగి ఉండదు. రాష్ట్రానికి వచ్చిన వాటాను జిల్లాల వారీగా పంచుతారు, ఆ లోపల రాష్ట్ర నిబంధనల ప్రకారం రిజర్వేషన్లుంటాయి. కాబట్టి ఒక్కో జిల్లాలో, ఒక్కో వర్గంలో ఆఖరి మార్కు వేరుగా ఉంటుంది. ఆ ఏర్పాటును నేను సమర్థిస్తాను. అది లేకపోతే మన్యం మండలాల పిల్లలు, ఆదిలాబాద్ అడవి పల్లెల పిల్లలు హైదరాబాద్, విజయవాడ చుట్టుపక్కల పిల్లలతో ఒకే వరుసలో నిలబడాలి. కానీ న్యాయమైన నియమం కూడా వివరం తెలియనప్పుడు అన్యాయంలాగే కనిపిస్తుంది. జిల్లా, వర్గం, సీట్లు, ఆఖరి మార్కు, సమాన మార్కులొస్తే ఎవర్ని ముందుంచారు అన్న పట్టిక జాబితా పక్కనే ఉంటే, పేరు లేని అమ్మాయి తను ఎక్కడ ఆగిందో చూసుకుంటుంది. మార్కుల తేడా రెండేనని తెలిసిన పిల్లకూ, ఏమీ తెలియని పిల్లకూ మళ్లీ పుస్తకం పట్టుకునే ఉత్సాహంలో తేడా ఉంటుంది.

ఒకే పరీక్ష ప్రతిభను ఎంత కొలవగలదన్నది ఇంకా లోతైన ప్రశ్న. దీని మీద అమెరికాలో 1989లో ఒక ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి విద్యాధికారీ చదవదగ్గది. న్యూయార్క్ రాష్ట్రం తన ప్రతిభా వేతనాలను కేవలం శాట్ పరీక్ష మార్కులతో ఇచ్చేది. బడిలో అమ్మాయిలకు అబ్బాయిలతో సమానంగానో అంతకన్నా మెరుగ్గానో మార్కులుండేవి, వేతనాలు మాత్రం అబ్బాయిలకే ఎక్కువ వెళ్లేవి. శాట్‌ను తయారుచేసింది కాలేజీ మొదటి ఏడాదిలో ఎలా చదువుతారో అంచనా కట్టడానికి. హైస్కూల్లో సాధించిన ప్రతిభకు బహుమానం ఇవ్వడానికి అదొక్కటే కొలతగా వాడితే అమ్మాయిల పట్ల వివక్ష అవుతుందని కోర్టు తేల్చి, ఆ పద్ధతిని ఆపించింది. అక్కడ ప్రశ్నపత్రం లీకవలేదు, ఎవరూ లంచం తీసుకోలేదు, ప్రతి మార్కూ లెక్కకు సరిపోయింది. అయినా ఫలితం న్యాయంగా లేదు. ఆ సంగతి తెలిసింది కూడా అమ్మాయిల, అబ్బాయిల లెక్కలు విడివిడిగా బయటికి వచ్చినందువల్లే. మన ఎంపిక జాబితాలకూ ఆ లెక్కలు కావాలి. అమ్మాయిలెందరు, పల్లె బడుల నుంచి ఎందరు, తెలుగు మాధ్యమం నుంచి ఎందరు రాశారు, ఎందరు నెగ్గారు అన్నవి పక్కపక్కన పెట్టి చూడాలి.

మన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష చరిత్ర ఇక్కడ పాఠం చెబుతుంది. 1963లో ఢిల్లీలో పది వేతనాలతో, సైన్సుకు మాత్రమే మొదలైంది. మరుసటేడు దేశమంతటికీ విస్తరించి 350 అయ్యాయి. 1976లో సాంఘిక శాస్త్రాలనూ చేర్చారు. 1985 నుంచి తొలి దశను రాష్ట్రాలకు అప్పగించారు. వేతనాలు 2,000 దాకా పెరిగాయి. ఇంటర్‌లో నెలకు రూ.1,250, డిగ్రీ నుంచి రూ.2,000 ఇచ్చేవారు. డబ్బుకన్నా గౌరవం ఎక్కువ. ఆ గౌరవం వల్లే కోచింగ్ సంస్థలు దీనికి ప్రత్యేక బ్యాచులు పెట్టాయి. ఆదాయ పరిమితి లేని పరీక్ష కావడంతో కోచింగుకు డబ్బున్న ఇళ్లకు మొగ్గు ఏర్పడింది. పథకానికి ఆమోదం 2021 మార్చి 31 వరకే ఉందని, ఇప్పుడున్న రూపంలో కొనసాగించడానికి ఆమోదం రాలేదని, తదుపరి ఆదేశాల వరకు ఆపామని ఆ పరీక్షను నిర్వహించే ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రకటించింది. దాదాపు అరవై ఏళ్ల పథకం ఎందుకు ఆగిందో ఆ ప్రకటనలో లేదు. మార్చడానికి కారణాలుండవచ్చు. ఏడాదంతా దానికోసం చదివిన పిల్లలకు ఆ కారణం చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంది.

ఓబీసీ, ఈబీసీ, సంచార జాతుల పిల్లలకు పెట్టిన పీఎం యశస్వి పథకంలోనూ మధ్యలో దారి మారింది. తొమ్మిది, పదిలో ఏటా రూ.75,000, ఇంటర్‌లో రూ.1,25,000 దాకా ఇచ్చే పెద్ద పథకమిది. 2023లో ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు తీసుకున్నాక, పరీక్ష రద్దు చేసి, ఎనిమిదో తరగతి, పదో తరగతి మార్కులతోనే ఎంపిక చేస్తామన్నారు. పదో తరగతి మార్కులు బోర్డు వేసేవి. ఎనిమిదో తరగతి మార్కులు ఏ బడికా బడి వేసుకునేవి. నిజాయితీగా 72 వేసిన జెడ్పీ స్కూలు పిల్లను, అందరికీ 95 వేసే బడి పిల్లతో పోల్చితే నష్టపోయేది ఎవరో చెప్పనక్కర్లేదు. పరీక్ష తీసేస్తే పోటీ ఒత్తిడి తగ్గుతుందన్న వాదన వినడానికి బాగుంటుంది, కానీ దాని స్థానంలో పెట్టిన కొలత అంతకన్నా గట్టిదై ఉండాలి.

ప్రైవేటు టాలెంట్ టెస్టుల సంగతి వేరు. అక్టోబరు నుంచి జనవరి దాకా పల్లెల్లో కూడా ఫ్లెక్సీలు వెలుస్తాయి: పరీక్ష రాయండి, వంద శాతం వరకు స్కాలర్‌షిప్ పొందండి అని. ఆ "వరకు" దగ్గరే ఆగి నాలుగు ప్రశ్నలు అడగాలి. వంద శాతం ఎంతమందికి, యాభై శాతం ఎంతమందికి అన్నది పరీక్షకు ముందు చెప్పారా? రాయితీ దేనిమీద, ట్యూషన్ ఫీజు మీదేనా, హాస్టల్, మెటీరియల్ ఖర్చులు కలిపా? మార్కులు, ర్యాంకులు అందరికీ కనిపించేలా పెట్టారా? దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరు ఎవరి చేతికి వెళ్లింది? చివరి ప్రశ్నకు జవాబు తల్లిదండ్రులకు తెలుసు. పరీక్షయిన వారం నుంచి పీఆర్వోలు ఫోన్ చేస్తూనే ఉంటారు. రాసినవాళ్లలో ఎక్కువమందికి ఎంతో కొంత శాతం వస్తుంది, ఆ శాతం తీసేసే అసలు ఫీజు ఎంతన్నది మాత్రం కౌన్సెలింగ్ గదిలోకి వెళ్తే గానీ తెలియదు. సమాచార హక్కు చట్టం ప్రైవేటు సంస్థల దగ్గర నేరుగా పనిచేయదు. వినియోగదారుల చట్టం పనిచేస్తుంది. కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరు 13న మార్గదర్శకాలిచ్చింది. నెగ్గిన పిల్లల ఫొటోలు వాళ్ల అనుమతి లేకుండా వేయకూడదు, వాళ్లు ఏ కోర్సు చదివారో దాచకూడదు. కోచింగ్ కేంద్రాలు పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాల్లో చెప్పింది. అయినా ఐదో తరగతి పిల్లలకు కూడా టాలెంట్ టెస్టులు నడుస్తూనే ఉన్నాయి. శాతాల్లో కాకుండా రూపాయల్లో, ఎంతమందికి ఎంత ఇస్తారో ముందే రాసి ఇవ్వని పరీక్షకు జెడ్పీ హైస్కూలు గదులు ఇవ్వకూడదని, బడి వేళల్లో ప్రచారానికి అనుమతించకూడదని డీఈవోలు ఒక్క ఉత్తర్వు ఇస్తే ఎంతో మేలు.

మళ్లీ ఎన్‌ఎంఎంఎస్‌కు వస్తే, అసలు వడపోత పేరు వచ్చాకే మొదలవుతుంది. ఎంపికైన పిల్లలు జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. బడి స్థాయిలో ఒకరు, జిల్లా స్థాయిలో ఒకరు ధ్రువీకరించాలి. జాబితాలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండే మన పిల్లలకు ఇదే మొదటి గండం. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కావాలి. ఇప్పుడు ముఖ గుర్తింపుతో ఒకసారి నమోదు కూడా చేసుకోవాలి, దానికి మంచి ఫోను కావాలి. ఇదంతా అయ్యాక ప్రతి ఏడూ రెన్యువల్ చేయాలి. గడువు దాటితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. దొంగ ఖాతాల్ని అరికట్టడానికి పెట్టిన తనిఖీలివి, వాటి అవసరాన్ని కాదనను. కానీ పరీక్ష నెగ్గిన పిల్లల్లో ఎంతమంది పోర్టల్‌లో చేరారు, ఎంతమంది దగ్గర ఏ కారణంతో ఆగింది, ఎంతమందికి డబ్బు అందింది అన్న జిల్లావారీ లెక్క జాబితా విడుదలంత ఆర్భాటంగా ఎవరూ విడుదల చేయరు. జిల్లా కలెక్టర్ల సమీక్షల్లో ఈ ఒక్క అంశం చేర్చినా చాలామంది పిల్లల ఫైళ్లు కదులుతాయి.

ఇంకో మెలిక పది తర్వాత వస్తుంది. పదిలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 55 శాతం తెచ్చుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, ఇంటర్ కూడా ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ కాలేజీలోనే చదవాలి. మన రెండు రాష్ట్రాల్లో బాగా చదివే పిల్లల్ని పది పరీక్షలు రాయకముందే ప్రైవేటు జూనియర్ కాలేజీలు వెతుక్కుంటూ వస్తాయి. ఎన్‌ఎంఎంఎస్ నెగ్గిన పిల్లయితే మరీను. ఫీజు లేని సీటిస్తామంటారు, తల్లిదండ్రులు సంతోషంగా సంతకం పెడతారు. ఆ సంతకంతో రెండేళ్ల రూ.24,000 పోతాయని అక్కడ ఎవరూ చెప్పరు, బడిలో కూడా చాలాచోట్ల చెప్పరు. అన్నీ తెలిసి ప్రైవేటు కాలేజీకే వెళ్తామంటే అది ఆ కుటుంబం ఇష్టం. తెలియక వెళ్లడం మాత్రం ఇష్టం కాదు. పదో తరగతి హాల్‌టికెట్ ఇచ్చే రోజున, ఎన్‌ఎంఎంఎస్ పిల్లల తల్లిదండ్రులను పిలిచి ఈ నిబంధన తెలుగులో చదివి వినిపించి, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీ పేరు, అక్కడున్న గ్రూపులు చెప్పి, ఆ కాగితం చేతికివ్వాలి. ఫిబ్రవరిలో చేయాల్సిన పని ఇది. జూన్‌లో పోర్టల్ తెరిచాక చెబితే, అప్పటికే సర్టిఫికెట్లు ప్రైవేటు కాలేజీ బీరువాలో ఉంటాయి.